రెండోది రావడానికి మొదటిది పోవాలా?

కౌంటర్ స్ట్రైక్ 2 మంచి ఆటే. 2023 సెప్టెంబరు 27న అది విడుదలైనప్పటి నుంచి పాత కౌంటర్ స్ట్రైక్ 1.6 తరం చెబుతున్న అభ్యంతరాల్లో చాలావరకు నిలబడవు. తుపాకీ చేతికి కొత్తగా ఉందనీ, బొమ్మ మరీ తళతళలాడుతోందనీ అంటారు. అది అలవాటు మాట్లాడించే మాట. లోపలి ఆట మారలేదు: ఐదుగురు బాంబు పెట్టాలి, ఐదుగురు ఆపాలి. మొదటి రౌండ్‌లో చేతిలో ఉండేది 800 డాలర్లే. తర్వాత 4,750 పెట్టి ఏడబ్ల్యూపీ స్నైపర్ తుపాకీ కొనాలా, ఈ రౌండ్ వదిలేసి డబ్బు దాచాలా అన్న తర్జనభర్జన అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. డేవ్ జాన్‌స్టన్ 2001లో తయారుచేసిన డస్ట్ 2 మ్యాప్ కూడా రెండు ఆటల్లోనూ ఉంది.

పైగా ఒక విషయంలో కొత్తది పాతదాన్ని దాటేసింది. పాత ఆటల్లో స్మోక్ గ్రెనేడ్ విసిరితే పొగ ఒకచోట ముద్దగా నిలబడేది. దానిలోంచి కాల్చినా చెదిరేది కాదు. ఇప్పుడు అదే పొగ గది ఆకారాన్నిబట్టి నిండుతుంది, సందుల్లోకి పాకుతుంది, తూటా దూసుకెళ్తే క్షణంపాటు దారి ఇస్తుంది, పేలుడు గ్రెనేడ్ పడితే తొలగిపోయి మళ్లీ కమ్ముకుంటుంది. పొగ వెనక దాక్కుంటే చాలదు, ఎదుటివాడు దాన్ని ఎప్పుడు చీలుస్తాడో కూడా ఊహించాలి. కంటికి ఇంపుగా ఉండే హంగు ఇక్కడ ఆటగాడి ఆలోచనకు పనిపెట్టింది. సీక్వెల్ అన్నాక ఇలాంటిదే చేయాలి.

నా పేచీ అది వచ్చిన తీరుతో. 2004లో కౌంటర్ స్ట్రైక్ సోర్స్ వచ్చినప్పుడు 1.6ను ఎవరూ తీసేయలేదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. అమెరికాలో ఒక పెద్ద లీగ్ సోర్స్‌ను ఎంచుకుంది. వరల్డ్ సైబర్ గేమ్స్ పోటీ మాత్రం చాలా ఏళ్లు 1.6తో సాగింది. ఆడేవాళ్లు రెండూ ఆడి చూసి తీర్పు చెప్పారు. 2023లో ఆ అవకాశం లేకపోయింది. కొత్త ఆట అప్పటిదాకా నడిచిన కౌంటర్ స్ట్రైక్ గ్లోబల్ అఫెన్సివ్‌కు అప్‌డేట్‌గా దిగి దాని చోటునే ఆక్రమించింది. పాత రూపానికి 2024 జనవరి 1 నుంచి మద్దతు ఆపేస్తున్నట్టు తయారీ సంస్థ వాల్వ్ ప్రకటించింది. పోటీదారును బరిలోంచి తప్పించి గెలిచానంటే ఆ గెలుపును ఎలా కొలవాలి?

ఆటగాళ్లు రెండుగా చీలిపోతే మ్యాచ్ దొరకడం ఆలస్యమవుతుందని కంపెనీ వైపు వాళ్లు అనవచ్చు. నిజమే, ఐదుగురికి ఐదుగురు కుదరాల్సిన ఆటలో అది చిన్న సమస్య కాదు. కానీ సోర్స్ రోజుల్లోనూ ఆ చీలిక ఉంది, దానివల్ల కౌంటర్ స్ట్రైక్ చచ్చిపోలేదు. ఇంకో సంగతి, అందరి దగ్గరా ఒకే యంత్రం ఉండదు. 1.6కు 96 ఎంబీ ర్యామ్ చాలు. కొత్తదానికి 8 జీబీ ర్యామ్, డిస్క్‌లో 85 జీబీ చోటు కావాలి. హైదరాబాద్ నెట్ సెంటర్లలో ఒకప్పుడు 1.6 అంతగా నడిచిందంటే కారణం ఆ తేలికే. నాసిరకం కంప్యూటర్లను ఒక కేబుల్‌తో కలిపితే ఇంటర్నెట్ లేకున్నా ఆట సాగేది. అక్కడ నడిచినవి ఎక్కువగా పైరసీ కాపీలు కదా అంటే, అవును. దాన్ని సమర్థించను. అయితే దొంగ కాపీ అయినా ఆ డొక్కు యంత్రం మీద ఆడగలిగినప్పుడే పనికొస్తుంది. ఆ గుణం ఆటదే. మేడ్చల్ దాటాక వచ్చే ఊరు రావల్కోల్‌లో ఏ ఇంట్లోనైనా మూల పడి ఉన్న పాత కంప్యూటర్ మీద ఇవాళ ఈ రెండింటిలో నడిచేది 1.6 ఒక్కటే.

అందుకే రెండింటిలో ఏది మేలంటే, పొగ విషయంలో రెండోదానికి, చేతికందే విషయంలో మొదటిదానికి ఓటేస్తాను. మొత్తంమీద మొగ్గు 1.6 వైపే. అది స్టీమ్ ఆన్‌లైన్ దుకాణంలో విడిగా అమ్ముడవుతోంది. కొత్తది మాత్రమే చూసినవాళ్లు కొని, నలుగురు స్నేహితులతో ఒక సాయంత్రం డస్ట్ 2 ఆడి చూడండి.