జార్మనుని 'మోడర్న్ నేచర్' – అంగిరసవిచారము

ఆంగ్లచలనచిత్రకర్తయగు డెరెక్ జార్మను (1942–1994) రచించిన దినచర్యాగ్రంథము 'మోడర్న్ నేచర్' 1991లోఁ బ్రకటితమైనది. తన రక్తమందు హెచ్.ఐ.వి. కలదని యాతఁడు 1986 డిసెంబరులో నెఱిఁగెను. మఱుసటి యేఁట ఇంగ్లండు ఆగ్నేయతీరమందలి డంజెనెస్‌లో, అణువిద్యుత్కేంద్రమునకు సమీపమున, తాఱు పూసిన చిన్న జాలరికుటీరమును గొని, గులకఱాళ్ల నేలలోఁ దోఁట వేసెను. 1989, 1990 సంవత్సరముల దినచర్య యీ గ్రంథము.

దీనిని మరణప్రతీక్షాగ్రంథముగాఁ జదివి కరుణమే యంగిరసమనుట సులభము. ఆ మతము నిలువదు. మిత్రుల మరణములు, నిద్రలేని రాత్రులు, భయము, వార్తాపత్రికలపైఁ గోపము, ఇవి యన్నియు నిందుఁ గలవు; గ్రంథకర్త వేనిని దాఁపలేదు. కాని శోకము స్థాయి కావలెనన్న నితరభావములచే విచ్ఛిన్నము గాక నిలువవలెను. ఇందు శోకము పొడసూపిన వెంటనే సీకేల్ అను సముద్రతీరపుఁ గోసుమొక్క చిగిర్చుటయో, ఉప్పుగాలి కాకులు మాడుటయో వచ్చును. మొక్కలను గూర్చిన యా వాక్యములు పొట్టివి, నిశ్చితములు. వానియందు నిట్టూర్పు లేదు. తాను చూడఁగలనో లేదో యెఱుఁగని పూవు కొఱకు విత్తు నాటువానియందు స్థాయి యుత్సాహమే, శోకము సంచారి. శాంతమనుటకును వీలులేదు. ఇంత కోపము గలచోట నిర్వేద మెక్కడిది? చూపు మందగించిన పిదప 1993లో నాతఁడు తీసిన 'బ్లూ' చిత్రమందుఁ దెర యాద్యంతము నీలమే. అందు శోకము స్థాయి యన్న నొప్పుకొనవచ్చును.

ఉత్సాహమునకుఁ బ్రతిపక్ష మెయ్యది? వ్యాధి యనరాదు. పాణిని యుపతాపవాచకములకును గర్హ్యవాచకములకును నొక్క సూత్రముననే (5-2-128) 'ఇని' ప్రత్యయమును విధించెను. కుష్ఠి యన్నది తదుదాహరణము. ప్రత్యయ మొక్కటియే యైనను శాస్త్ర మర్థములను వేఱుగానే చెప్పినది. లోకము మాత్రము రోగి యన్నచోటనే గర్హ్యుఁ డని వినుచున్నది. జార్మను తన వ్యాధిని బహిరంగముగాఁ జెప్పి యీ రెండర్థములను విడఁదీసెను. ఆతని ప్రతిపక్షము గర్హ. స్వలింగప్రేమను బ్రోత్సహింపరాదని స్థానికసంస్థలను శాసించిన బ్రిటిషు చట్టము 1988లో వచ్చినది. 2003 నాఁటికిఁ గాని యింగ్లండులోఁ దొలఁగలేదు.

1996 మొదలు సంయుక్తౌషధములు వాడుకలోనికి వచ్చినవి. వానిని గ్రమముగా సేవించువారు నేఁడు దీర్ఘాయువు లగుచున్నారు. అయినను వారి మనోవ్యధ తీఱలేదు. ఔషధ ముపతాపమునకే గాని గర్హకుఁ గాదు గదా. ప్రపంచారోగ్యసంస్థ వీరి జీవనగుణమును గొలుచుటకుఁ జేసిన ప్రశ్నావళి శరీరమునే కాక మనస్సు, స్వాతంత్ర్యము, సంబంధములు, పరిసరములు, విశ్వాసములు ననువానినిఁ గూడ నడుగును. ఈ దినచర్యయం దా యాఱింటికిని సమాధానము దొరకును.

దోషములు లేకపోలేదు. చలనచిత్రవర్గపు ముచ్చట లతిదీర్ఘములు. నడుమ వచ్చు పద్యములు గద్యమున కీడు కావు.

గ్రంథనామమందలి 'నేచర్' అను శబ్దము వనస్పతులను, మనుష్యస్వభావమును గూడఁ దెలుపును. స్వలింగప్రేమను స్వభావవిరుద్ధమని నిందించినవారికి నా పేరే ప్రత్యుత్తరము. దీనిఁ దెనిఁగించువారు 'నిసర్గము' వంటి యపూర్వపదములను వెదకనక్కఱలేదు. 'ప్రకృతి' యన్న రెండర్థములును నిలుచును.