కాశీపురోద్యానమునందలి ప్రార్థన

శ్రీరామకృష్ణ పరమహంస కంఠమునఁ బుట్టిన క్యాన్సరుచే నవసానము నొందిన వృత్తాంతమునకు వంగభాషలో ముఖ్యాకరములు రెండు. ఒకటి మహేంద్రనాథగుప్తుఁడు 1902 మొదలు 1932 వఱకు నైదు సంపుటములుగాఁ బ్రకటించిన కథామృతము. రెండవది శారదానందస్వామి లీలాప్రసంగము. మొదటిదాని దినచర్య 1886 ఏప్రిలు 24వ తేదీతో నాఁగును. నిర్యాణము ఆగస్టు 16. రెండవదియుఁ గాశీపురముకడనే యసమాప్తముగా నిలిచినది. దీనిని లోపమనువారు కలరు. కారణమేదైనను జదువరికిఁ గలిగిన లాభము గొప్పది: మరణము కనఁబడదు, రోగిచుట్టుఁ గూర్చున్నవారు కనఁబడుదురు. భార్యయు శిష్యులును నొక్క కుటుంబమై యాప్తుని కొఱకు దైవమును వేఁడుకొన్న తీరు తెలిసికొనఁగోరువారికీ భాగములకు మించిన పాఠమును నేనెఱుఁగను.

రోగనామమును గూర్చి యొక్కమాట. కవిరాజులు దీనిని రోహిణి యనిరి. రుహధాతువునకు మొలచుట, పెరుగుట యర్థము గావునఁ బేరు పొసఁగినట్లే యుండును. కాని సుశ్రుతోక్తమగు రోహిణిని నేఁటివారు వేఱొక గళరోగముతోఁ బోల్తురు. నామసామ్యముచే రోగసామ్యము సాధింపరాదు.

1885 అక్టోబరున శ్యామపుకూరునకును, డిసెంబరు 11న కాశీపురమునకును రోగిని జేర్చిరి. చికిత్సకుఁడగు డాక్టరు మహేంద్రలాల్ సర్కారు కలకత్తాలో 1876లో విజ్ఞానశాస్త్ర పరిశోధనసంఘమును స్థాపించినవాఁడు, అవతారవాదము నంగీకరింపనివాఁడు. అతని యాక్షేపణముల నన్నిటిని గథామృతకర్త భక్తుఁడయ్యు దాఁపక వ్రాసెను. మందును, మ్రొక్కును నొక్కయింటనే సాగినవి. వానికి విరోధమున్నట్లు గ్రంథమున నెవ్వరికిని దోఁపలేదు.

శశధర తర్కచూడామణి యను పండితుఁడు, మనస్సును రోగస్థానమున నిలిపినచో వ్యాధి నయమగునని శాస్త్రము చెప్పుచున్నదిగదా యని పరమహంసకు సూచించెను. ఈశ్వరునకిచ్చిన మనస్సును మాంసపంజరమునకు మరలించుట తనవలనఁ గాదని యాయన త్రోసివేసెను. శాస్త్రార్థ మంతటితో ముగిసినది. కాని నరేంద్రాదులు విడువలేదు. తమ కొఱకుఁ గాకున్నను మా కొఱకైనను జగన్మాత నడుగుఁడని పట్టుపట్టిరి.

దీనిని జూచి శిష్యులకు విశ్వాసము చాలలేదనుట సరికాదు. క్రియాఫలము కర్తకుఁ జెందునపుడు యజధాతువున కాత్మనేపదమును, బరులకుఁ జెందునపుడు పరస్మైపదమును బాణిని విధించెను. యజమానుఁడు ‘యజతే’, ఋత్విక్కు ‘యజతి’. శిష్యులు తాము యజమానులై గురువును ఋత్విక్కుగా వరించిరి. తనకై యడుగననినవాఁడు పరులకై యడుగవచ్చునుగదా! ఆయన కాదనలేకపోవుట కిదియే కారణమని నా తలంపు. అడిగెను, కొంచెము తినఁగలుగునట్లు చేయుమని. ఇన్ని నోళ్లతోఁ దినుచునే యున్నావుగదా యని తల్లి శిష్యులను జూపినదనియుఁ, దాను సిగ్గుపడితిననియు వచ్చి చెప్పెను. ఇట స్వపరభేదమే పోయినందునఁ బదవిభాగమునకుఁ దావు లేదు. ప్రత్యుత్తరము గొప్పదే, ఆ కంఠమున మాత్రము దానివలన నొక్క కబళమును దిగలేదు. లీలాప్రసంగకర్త ప్రార్థన ఫలింపలేదను సంగతిని మహిమగా మార్పఁబూనలేదు. అందుచేతనే యీ ఘట్టము నమ్మఁదగినదైనది.

అయినను శారదాదేవి తారకేశ్వరయాత్ర నాకింతకంటె హృద్యముగాఁ దోఁచును. ఆమె పిమ్మటఁ జెప్పఁగా నితరులు వ్రాసికొన్న సంభాషణములలో నిది యున్నది. భర్తకు స్వస్థత గోరి శివసన్నిధిని నన్నపానములు మాని రెండు దినములు పడియుండెను. రాత్రి కుండల దొంతి పగిలినట్లొక చప్పుడు. వెంటనే, యెవరి కెవరు భర్త, యెవరి కెవరు బంధువులను వైరాగ్యము గలిగి లేచి, తిరిగివచ్చెను. ఇట దేవత పలుకలేదు, తర్కము లేదు. ఉపమాన మొక్కటే, అదియు వంటయింటిది. శ్యామపుకూరులో నిలువఁ జోటులేక మిద్దెకడ నించుకతావునఁ బథ్యము వండుచు దినములు గడపిన యామెకుఁ గుండల చప్పుడు తట్టుట సహజము. పచధాతువును నుభయపదియే, పరులకై వండువారికిఁ బరస్మైపదమని బాలురకు మనము చెప్పుచునే యుందుము. వచ్చిన పిదప, నేమైన దొరకెనా యని భర్త నవ్వుచు నడిగెనఁట. దొరకలేదు. కాశీపురమున నామె పథ్యము వండుచునే యుండెను.