ఎడారి పరుగు గెలిపించే ఇంటి చేతులు

అమెరికాలోని యూటా రాష్ట్రంలో మోఆబ్ అనే ఊరుంది. ఏటా అక్టోబరులో అక్కడ మొదలయ్యే పరుగు ఎర్రరాతి లోయలు, ఇసుక బాటలు, లాసాల్ కొండలు చుట్టి మళ్లీ అక్కడికే చేరుతుంది. దూరం 240 మైళ్లు, అంటే దాదాపు 386 కిలోమీటర్లు. మోఆబ్ 240 అనే ఈ పరుగులో పగలు ఎండ మాడ్చేస్తుంది, రాత్రి కొండల మీద చలి వణికిస్తుంది. 2017లో కోర్ట్నీ డావ్‌వాల్టర్ అనే రన్నర్ దీన్ని 58 గంటల లోపే ముగించి, మగవాళ్లతో సహా అందర్నీ ఓడించింది. రెండో స్థానంలో వచ్చిన మనిషికి మరో పది గంటలు పట్టింది! ఇలాంటి పరుగుల్లో ఒకసారి ఆమెకు ఊయలలో పడుకున్న చిరుతపులి కనిపించిందట. నిద్రలేమి చేసే మాయలు అలాంటివి.

లోకమంతా ఆమె కాళ్లను పొగుడుతుంది. నాకు ఆమె భర్త కెవిన్ ష్మిట్‌ని కూడా పొగడాలనిపిస్తుంది. ఆమె పెద్ద పరుగుల్లో ఏళ్ల తరబడి వెన్నంటి ఉన్న క్రూ, అంటే దారిలో సాయం అందించే మనిషి, ఆయనే. ఈ పరుగులు కాళ్లతో సగమైతే, దారిలో కాచుకుని కూర్చున్న ఇంటివాళ్ల చేతులతో సగం పూర్తవుతాయి. నేను క్రూ పక్షం, దాపరికం లేదు.

ఈ క్రూ సంప్రదాయానికి పుట్టిల్లు కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ ఎడారి అంటారు. 1974లో ఆల్ ఆర్నాల్డ్ అక్కడి ఎండలో పరిగెత్తబోయి, ఒంట్లో నీరింకిపోయి తొందరగానే ఆగిపోయాడు. 1977లో మూడో ప్రయత్నంలో ఆ పరుగు పూర్తిచేశాడు. అది తారు రోడ్డు. అక్కడి క్రూ విద్య తర్వాత మోఆబ్ లాంటి కాలిబాటలకూ పాకింది.

ఇక పనితనం చూడండి. మంచి క్రూ రన్నర్ రాకముందే అంతా పరిచి ఉంచుతుంది: కుర్చీ, మేజోళ్లు, ఉప్పు వేసిన ఉడికించిన బంగాళదుంప, వేడి సూపు, టార్చిలైటుకు కొత్త బ్యాటరీలు. కుర్చీ ఉన్నా ఎక్కువసేపు కూర్చోనివ్వదు. కుర్చీని నమ్మొద్దన్నది రన్నర్ల నానుడి. "ఎలా ఉన్నావు?" అని అడగడం చేతకాని క్రూ పని. చేతనైన క్రూ "చివరిసారి ఏం తిన్నావు? మూత్రం ఏ రంగులో ఉంది?" అని అడుగుతుంది. నీళ్లు తక్కువైతే ప్రమాదమే, అతిగా తాగి రక్తంలో సోడియం పడిపోయినా ప్రమాదమే. అందుకే దాహాన్ని బట్టి తాగిస్తుంది. మెడకు ఐసు నింపిన గుడ్డ కడుతుంది, టోపీలో ఐసు పోస్తుంది.

పాదాల సంగతి వేరే శాస్త్రం. ఇసుక చొరబడకుండా బూట్ల మీద తొడుగులు, రాపిడి తగిలే చోట్ల ముందే టేపు, బొబ్బ లేస్తే శుభ్రం చేసిన సూదితో నీరు తీసి కట్టు. ఈ విద్య మీద జాన్ వాన్‌హాఫ్ ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. గోళ్లు బాధపెడుతున్నాయని కాలిగోళ్లన్నీ పీకించుకున్న మార్షల్ ఉల్రిచ్ ఉండనే ఉన్నాడు! ఆ మహానుభావుడు 1999లో బండి లాక్కుంటూ ఎవరి సాయమూ లేకుండా డెత్ వ్యాలీ దాటి విట్నీ శిఖరం ఎక్కాడు. 2001లో అదే దారిని వెంటవెంటనే నాలుగుసార్లు, 584 మైళ్లు, క్రూ అండతో పూర్తిచేశాడు. రెండూ ఘనకార్యాలే. నా ఓటు మాత్రం రెండోదానికే.

అన్నిటికన్నా కష్టమైన విద్య మాట. రాత్రి మూడింటికి "ఇక నావల్ల కాదు" అనే మనిషికి ఇరవై నిమిషాలు కునుకు తీయించి, "తెల్లారాక మాట్లాడుకుందాం" అనాలి. ఎండ పొడ తగిలితే చాలామంది లేచి నడుస్తారు. నిజంగా ప్రమాదమైతే చేయి పట్టుకుని ఆపాల్సిందీ ఆ క్రూనే. 2025లో అరిజోనాలో కోకడోనా 250 పరుగు నుంచి డావ్‌వాల్టర్ అంతటిది సగం దారి రాకముందే తప్పుకుంది. మళ్లీ పరిగెత్తాలంటే ఆగడం కూడా తెలిసుండాలి.

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే ఒళ్లు మండుతుంది. డబ్బిచ్చి కిరాయి క్రూలను తెచ్చుకుంటున్నారు. వాళ్లకు రన్నర్ ముఖం చూసి ఆకలి పోల్చే తీరు తెలుసా? బిడ్డ నడక తేడా అమ్మకు తెలిసినట్టు వాళ్లకు తెలుస్తుందా? ఇంకొందరు "ఒంటరి పోరాటం" అంటూ వీడియోలు వదులుతారు. ఆ వీడియో తీసిందెవరు, మంచినీళ్లు అందించిందెవరు? సాయం తీసుకోవడంలో సిగ్గేమీ లేదు. సిగ్గంతా దాన్ని దాచడంలోనే ఉంది. ఫలితాల పట్టికలో రన్నర్ పేరొక్కటే ఉంటుంది. మూడు రాత్రులు నిద్ర కాచిన భార్య పేరు, కారు నడిపిన తండ్రి పేరు అక్కడ ఉండవు. ఇది అన్యాయం. ఆ పేర్లు అచ్చు వేయడానికి ఒక్క వరుస చాలు.

ఫీనిక్స్ చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాలకు నాదొక విన్నపం. కోకడోనా ఏటా మే నెలలో మీకు గంట దూరం కూడా లేని బ్లాక్ కాన్యన్ సిటీలో మొదలై ఫ్లాగ్‌స్టాఫ్‌లో ముగుస్తుంది. పరిగెత్తనక్కర్లేదు. దారిలో రన్నర్లకు తిండీ నీళ్లూ అందించే ఎయిడ్ స్టేషన్లకు స్వచ్ఛంద సేవకులు ఎప్పుడూ కావాలి. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి ఒక రాత్రి సూపు వడ్డించి రండి. పరుగు ఎవరు గెలిపిస్తారో పిల్లలు కళ్లారా చూస్తారు.