ఆట ఆట కోసమేనా?

‘కళ కళ కోసమే’ అని మన సాహిత్యరంగంలో ఇవాళ బహిరంగంగా నిలబడి వాదించేవారు తక్కువ. అభ్యుదయ సాహిత్యోద్యమం దశాబ్దాల తరబడి ఆ వాదంతో తలపడింది. కాని ఓడిన వాదాలు చచ్చిపోవు, ఇల్లు మారుస్తాయి. ‘ఆట ఆట కోసమే’ అన్న మాటలో ఆ పాతవాదమే కొత్త కాపురం పెట్టింది.

ప్రపంచకప్ ఫుట్‌బాల్ పోటీలు వచ్చిన ప్రతిసారీ టీ కొట్టు దగ్గరా, ఉపాధ్యాయుల గదిలోనూ, పత్రికల క్రీడా పుటల్లోనూ మూడు అభిప్రాయాలు వింటూంటాను. ఒకటి: ‘ఆటల్లోకి రాజకీయాలెందుకండీ?’ రెండు: ‘అదంతా జనాన్ని జోకొట్టే మత్తుమందు.’ ఇది ఎక్కువగా మన మిత్రులే అనే మాట. మూడు: ‘ఎక్కడో జరిగే గొడవ మనకెందుకు?’ ఇవేవీ ఆలోచించి చెప్పినవి కావు, అలవాటుగా నోటికి వచ్చేవి. అందుకే వీటిని విమర్శకుడు పట్టించుకోవాలంటాను. సిద్ధాంతంగా ప్రకటించిన దాన్ని ఎవరో ఒకరు ఖండిస్తారు. పిచ్చాపాటీలో చెలామణి అయ్యే భావజాలాన్ని మాత్రం ఎవరూ పరీక్షించరు. అది చెల్లని నాణెమైనా చేతులు మారుతూనే ఉంటుంది.

1

మొదటి మాట తీసుకుందాం. రాజకీయాలకు అతీతంగా ఈ ఆట ఎప్పుడు జరిగింది? ప్రపంచకప్ 1930లో మొదలైతే, రెండో పోటీకే, 1934లో, ముస్సోలినీ ఇటలీ ఆతిథ్యమిచ్చింది. 1938లో పారిస్ నగరంలో ఫ్రాన్సుతో తలపడిన ఇటలీ జట్టు ఫాసిస్టుల నల్లచొక్కాలు తొడుక్కుని, చేయెత్తి ఫాసిస్టు వందనం చేసింది. ఆటలోకి రాజకీయాలు తెచ్చారని ఆ జట్టును ఎవరూ వెలివేయలేదు.

చిలీ సంగతి ఇంకా స్పష్టం. 1973 సెప్టెంబరు 11న అలెండీ ప్రభుత్వాన్ని సైన్యం కూలదోసింది. రాజధాని సాంతియాగోలోని జాతీయ స్టేడియం బందిఖానా అయింది. వేలాదిమందిని అక్కడ నిర్బంధించారు, హింసించారు, కొందరిని చంపారు. సరిగ్గా ఆ రోజుల్లోనే 1974 ప్రపంచకప్ అర్హత కోసం చిలీ, సోవియట్ జట్లు తలపడాల్సి ఉంది. మాస్కోలో జరిగిన మొదటి ఆట గోలు లేకుండా ముగిసింది. రెండో ఆట ఆ స్టేడియంలోనే. అక్కడ ఆడబోమని సోవియట్ యూనియన్ చెప్పింది. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా తన ప్రతినిధులను పంపింది. వారు వెళ్ళి చూసి అంతా మామూలుగానే ఉందని నివేదిక ఇచ్చారు. సోవియట్ జట్టు రాలేదు. నవంబరు 21న చిలీ ఆటగాళ్ళు ఎదురుజట్టు లేని మైదానంలోకి దిగి, బంతిని ఒకరికొకరు అందించుకుంటూ నడిపించుకుపోయి ఖాళీ గోలులోకి తన్నారు. అడ్డుకునేవాడు లేడు, నిలదీసేవాడు లేడు. స్కోరుబోర్డు మీద మాత్రం చిలీకి ఒక గోలు!

‘రాజకీయాలకు అతీతమైన ఆట’ నిజస్వరూపం ఆ ఖాళీ గోలులో ఉందని నా అభిప్రాయం. రూపం పూర్తిగా ఉంది: మైదానం, రిఫరీ, జెండా, నియమావళి. వస్తువు మాయమైంది. వస్తువును తుడిచిపెట్టి రూపాన్ని ఆరాధించే సాహిత్యాన్ని మనం దశాబ్దాలుగా విమర్శిస్తూనే వచ్చాం. ఇక్కడ కళ్ళకు కట్టింది అదే.

ఆ చిలీ జట్టులో కార్లోస్ కాసెలీ అనే ఆటగాడున్నాడు. అలెండీ పక్షం వాడు. 1974లో జట్టు జర్మనీకి బయలుదేరే ముందు వీడ్కోలు చెప్పవచ్చిన పినోచెట్‌కు అతను చేయి కలపలేదు. అతని తల్లిని పోలీసులు పట్టుకుపోయి చిత్రహింసలు పెట్టారు. పినోచెట్ కొనసాగాలా వద్దా అని 1988లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు టెలివిజన్‌లో ఒక స్త్రీ తాను పడిన హింస గురించి చెప్పింది. ఆ తర్వాత కాసెలీ తెరమీదికి వచ్చి ఆమె తన తల్లి అని చెప్పాడు. ఓటేసినవారిలో దాదాపు 56 శాతం ‘వద్దు’ అన్నారు. ఆటగాడు చేయి చాచకపోవడం రాజకీయమైతే, నియంత చేయి చాచడం రాజకీయం కాదా?

ఈ ప్రశ్నకు ఫిఫా ఎప్పుడూ సూటిగా జవాబు చెప్పలేదు. 2022లో కతార్ పోటీలకు ముందు, ఆటమీద దృష్టి పెట్టండి, సైద్ధాంతిక రాజకీయ తగాదాల్లోకి ఫుట్‌బాల్‌ను లాగనివ్వకండి అని అన్ని జట్లకూ లేఖ రాసింది. వివక్షను నిరసిస్తూ చేతిపట్టీ కట్టుకుంటే పసుపు కార్డు చూపిస్తామంది. అదే సంస్థ 2025 డిసెంబరు 5న, వాషింగ్టన్‌లో 2026 పోటీల డ్రా తీసే వేదిక మీద, అమెరికా అధ్యక్షుడు ట్రంప్‌కు శాంతి బహుమతి అందించింది. చేతిపట్టీ రాజకీయమట, అధ్యక్షుడి మెడలో పతకం రాజకీయం కాదట!

కనుక ‘అతీతం’ అనే నియమం ఒక పక్షానికే వర్తిస్తుంది. అది పాలకుణ్ణి మైదానం బయట నిలబెట్టదు, నిరసన తెలిపేవాడి నోరు మాత్రం నొక్కుతుంది.

2

ఇక రెండో మాట. ఫుట్‌బాల్ మత్తుమందు అనే మన మిత్రులకు 1978 అర్జెంటీనా కంటె మంచి ఉదాహరణ దొరకదు. అందుకే ఆ ఉదాహరణనే నిదానంగా చూడాలి.

1976 మార్చి 24న అక్కడ సైన్యం అధికారం చేజిక్కించుకుంది. కార్మిక నాయకులు, విద్యార్థులు, ఉపాధ్యాయులు, రచయితలు రాత్రికి రాత్రి మాయమయ్యారు. వారికి ‘అదృశ్యులు’ అని పేరు. హక్కుల సంస్థల లెక్కలో వారు 30,000 మంది. 1978 జూన్‌లో ఆ దేశంలోనే ప్రపంచకప్ జరిగింది. ఆఖరి ఆట జరిగిన బ్యూనస్ ఏర్స్ స్టేడియానికి మైలు దూరం కూడా లేదు, నౌకాదళ పాఠశాల. వేలాదిమందిని బంధించి హింసించిన రహస్య నిర్బంధ కేంద్రం అది. గోలు పడినప్పుడు లేచిన జనఘోష గోడల వెనక ఖైదీలకు వినిపించేది. జూన్ 25న అర్జెంటీనా 3-1తో నెదర్లాండ్స్‌ను ఓడించింది. సైనిక పాలకుడు విదేలా చేతుల మీదుగా కప్పు అందింది.

ఇంతవరకూ మత్తుమందు సిద్ధాంతం సరిపోతుంది. ఇక్కడినుంచి సరిపోదు. ఆ ఖైదీల్లోనే కొందరు తమ దేశం గెలిచినందుకు సంతోషించారు. బతికి బయటపడ్డాక ఆ సంగతి వారే చెప్పారు. ఒక మహిళా ఖైదీని ఆ విజయరాత్రి హింసకులే కారులో ఎక్కించుకుని ఊరేగింపుల మధ్యకు తీసుకెళ్ళారు. ఆమె కారు పైకప్పులోంచి తల బయటపెట్టి చూసింది. చుట్టూ వీధుల నిండా జనం పాటలు, కేరింతలు. ‘నేను అదృశ్యురాలిని’ అని అరిచినా ఎవరూ పట్టించుకోరని ఆమెకు ఆ క్షణాన తెలిసిపోయింది.

ఈ సాక్ష్యం ముందు ‘మత్తుమందు’ అనే మాట ఎంత చులకనగా ఉందో చూడండి. వీధిలోని ఆ జనం ఆమెకు శత్రువులా? గోలు విని లోపల సంతోషించిన ఖైదీ కూడా మత్తులో ఉన్నట్టేనా? జనం ఆనందం అబద్ధం కాదు. దానిమీద తన ముద్ర వేసుకోవాలని పాలకుడు చూశాడు, అదీ అసలు విషయం. ఒక జాతరలో భూస్వామి ముందు వరసలో కూర్చున్నంత మాత్రాన జాతర అతని సొంతమైపోదు. ఆ జట్టును తీర్చిదిద్దిన శిక్షకుడు మెనొట్టి వామపక్షవాది. అతన్ని ద్రోహి అనడం తేలిక, మహావీరుడనడం కూడా తేలికే. ఆ రెంటి మధ్య నలిగిన మనిషిగా చూడటం కష్టం. విమర్శ చేయవలసింది ఆ కష్టమైన పనే.

ఇంకో సంగతి. పోటీలు మొదలైన 1978 జూన్ 1 గురువారం. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు 1977 నుంచి అధ్యక్ష భవనం ఎదుటి ‘ప్లాసా దె మాయో’ కూడలిలో సమావేశమవుతున్నారు. వారి ప్రదర్శన జరిగేది గురువారాల్లోనే. ఆ రోజూ వచ్చారు. ప్రారంభోత్సవం చూపించడానికి వచ్చిన విలేకరుల్లో ఒక డచ్చి టెలివిజన్ బృందం కెమెరాను ఆ తల్లుల వైపు తిప్పింది. తమ వైభవం ప్రపంచానికి చూపాలని పాలకులు పిలిపించుకున్న కెమెరాలే, తలకు తెల్లగుడ్డ కట్టుకున్న ఆ తల్లుల ముఖాలను సముద్రాలు దాటించాయి. మైదానం ఎవరి సొత్తూ కాదు, అక్కడ పెనుగులాట జరుగుతూనే ఉంటుంది.

మత్తు అయితే ఎన్నాళ్ళు పనిచేసింది? 1982 జూన్ 13న స్పెయిన్‌లో ఛాంపియన్ అర్జెంటీనా బెల్జియం చేతిలో ఓడింది. మర్నాడు మాల్వినాస్ దీవుల్లో ఆ దేశ సైన్యం బ్రిటన్‌కు లొంగిపోయింది. 1983లో ఎన్నికలు, 1985లో విచారణ, విదేలాకు యావజ్జీవ శిక్ష. 2013లో అతను జైలులోనే చనిపోయాడు. 2004లో ఆ నౌకాదళ పాఠశాలను స్మారక స్థలంగా ప్రకటించారు. కప్పు నియంతను కాపాడలేకపోయింది.

పొరుగున బ్రెజిల్‌లో ఇదే ఆట మరో పని చేసింది. సైనిక పాలన ఇంకా నడుస్తున్న 1982లో సావో పాలో నగరపు కొరింథియన్స్ జట్టు ఆటగాళ్ళు తమ క్లబ్బులో ఓటు పద్ధతి పెట్టుకున్నారు. ఎప్పుడు బయలుదేరాలి, ఎవరిని చేర్చుకోవాలి, అన్నిటికీ ఓటే. బట్టలు చూసే పనివాడికీ, దేశ జట్టు కెప్టెనైన సోక్రటీస్‌కూ ఒకే ఓటు. ఆ ఏడాది నవంబరు 15 ఎన్నికలకు ముందు, ఓటు వేయమనే మాటలను చొక్కాల వెనక రాసుకుని ఆడారు. వైద్యపట్టా ఉన్న ఆ సోక్రటీస్, అధ్యక్షుడికి ప్రత్యక్ష ఎన్నికలు జరిపే సవరణ నెగ్గితే దేశంలోనే ఉంటానని 1984లో బహిరంగంగా మాట ఇచ్చాడు. సవరణ వీగిపోయింది, అతను ఇటలీ వెళ్ళిపోయాడు. అయినా నియంతృత్వం కింద పెరిగిన లక్షలాదిమంది యువకులకు ప్రజాస్వామ్యం అనే మాట మొదట గేలరీలోనే చెవిన పడిందంటే అతిశయోక్తి కాదు. లాటిన్ అమెరికా దోపిడీ చరిత్ర రాసిన ఎదువార్దో గలియానో 1995లో ఫుట్‌బాల్ మీదే ఒక పుస్తకం వెలువరించాడు. ఆటను మేధావులు చిన్నచూపు చూడటం ఆయనకు నచ్చలేదు. మనకూ నచ్చకూడదు.

3

‘మనకెందుకు?’ అన్నది మూడో మాట. ఈ మాట అనేవారికి 1962 జకార్తా గుర్తుందా? ఆ ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వలేదు. దాన్ని భారత ప్రతినిధి సోంధీ గట్టిగా ఆక్షేపించాడు. జకార్తాలో భారత రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. సెప్టెంబరు 4న ఫైనల్లో జనం మన జట్టును ఆద్యంతం గేలిచేశారు. ఆ హోరులోనే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మనవాళ్ళు బంగారు పతకం తెచ్చారు. ఆ జట్టు శిక్షకుడు మన హైదరాబాదువాడు, సయ్యద్ అబ్దుల్ రహీం. ఒకప్పుడు బడిపంతులు. మరుసటి ఏడాదే కాన్సర్‌తో చనిపోయాడు. రహీం, అతని ఆటగాళ్ళు ఆ వివాదాన్ని కోరి తెచ్చుకోలేదు. ప్రపంచ రాజకీయమే వచ్చి వారి నెత్తిన కూర్చుంది. మనం పట్టించుకోకపోయినా అది మనల్ని పట్టించుకుంటుంది.

మరింత దగ్గరి సంగతి చెబుతాను. ఉత్తర తెలంగాణ పల్లెల్లో ‘బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి’ అనే మాట ఉంది. బతుకుదెరువుకు ఉన్న దారులు ఆ మూడేనని. నేను పాఠం చెప్పిన తరగతుల్లో తండ్రి గల్ఫ్‌లో ఉన్న పిల్లలు ప్రతి వరసలోనూ ఉండేవారు. 2010 డిసెంబరులో కతార్‌కు ప్రపంచకప్ కేటాయించాక అక్కడ స్టేడియాలు, రోడ్లు, మెట్రో, హోటళ్ళు లేచాయి. వాటిని కట్టినవారు నేపాలీలు, బంగ్లాదేశీయులు, భారతీయులు. ఆ భారతీయుల్లో మన జిల్లాలవారూ ఉన్నారు. కఫాలా పద్ధతి కింద యజమాని ఒప్పుకోనిదే పని మారే వీలు 2020 దాకా లేదు. ఆ పదేళ్ళలో కతార్‌లో చనిపోయిన దక్షిణాసియా వలసజీవులు 6,500 మందికి పైనేనని గార్డియన్ పత్రిక 2021లో రాసింది. అందరూ స్టేడియం పనిలోనే పోయారని ఆ లెక్క అర్థం కాదు, నిజమే. పోటీల నిర్వాహక ప్రముఖుడు 2022 నవంబరులో 400కూ 500కూ మధ్య అన్నాడు. ఈ రెండు లెక్కల మధ్య తేడా ఎంతో చూడండి. చావుకు కారణం సరిగా విచారించి రాసుకునే ఏర్పాటు ఉంటే లెక్క ఇంత వివాదం కాదు. కెమెరా పచ్చిక మీద తిరుగుతున్నప్పుడు ఆ పచ్చిక కింద మన చెమట ఉంది. ఇంకా ‘మనకెందుకు’ అందామా?

4

చివరగా మన పక్షానికి కూడా ఒక మాట. కొలబద్ద ఒకటే ఉండాలి. చిలీ స్టేడియంలో ఆడనన్న సోవియట్ ప్రభుత్వమే, తర్వాత అర్జెంటీనా సైనిక పాలకుల దగ్గర ధాన్యం కొంటూ, వారి హత్యాకాండను అంతర్జాతీయ వేదికల మీద ఖండించడానికి వెనకాడింది. మనవాళ్ళు చేశారు గనక మాట్లాడకూడదా? అలాగే 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద దాడి జరిగిన నాలుగు రోజుల్లో రష్యాను పోటీల నుంచి తప్పించిన ఫిఫా, ఇజ్రాయెల్‌ను తప్పించమని 2024 మే నెలలో పాలస్తీనా సమాఖ్య కోరితే న్యాయనిపుణులను అడిగి చూస్తామని వాయిదా వేసింది. రెండు చోట్లా బాంబులు పడింది మనుషుల మీదనే. జాతివివక్ష దక్షిణాఫ్రికాను 1976లో వెలివేసింది కూడా ఈ ఫిఫాయే. అంటే చేతకాక కాదు, ఒత్తిడి ఉన్నప్పుడే కదులుతుంది.

2022 నవంబరు 21న ఇంగ్లండుతో ఆటకు ముందు ఇరాన్ ఆటగాళ్ళు జాతీయగీతం పాడకుండా నిలబడ్డారు. పోలీసుల నిర్బంధంలో మహ్సా అమీనీ చనిపోయాక ఆ దేశంలో స్త్రీలు వీధుల్లోకి వచ్చిన రోజులవి. నాలుగు రోజుల తర్వాత వేల్స్‌తో ఆటలో అదే ఆటగాళ్ళు పెదాలు కదిపారు. మొదటి రోజు పొగిడినవారు రెండో రోజు పిరికివాళ్ళన్నారు. సోఫాలో కూర్చుని ధైర్యాన్ని మార్కులతో కొలిచే ఈ అలవాటు కూడా ఆ పిచ్చాపాటీ అభిప్రాయాల జాబితాలోదే. ఇంటి దగ్గర తల్లీతండ్రీ, అన్నదమ్ములు ఉన్న మనుషులు వాళ్ళు. కాసెలీ తల్లికి జరిగింది గుర్తుంటే ఆ మాట అనలేం.

ఈసారి ఎవరైనా ‘ఆటల్లోకి రాజకీయాలెందుకు’ అంటే, నోరు మూసుకోమంటున్నది ఎవరిని అని మాత్రం అడగండి. స్టేడియం కట్టించిన దొరనా, కట్టిన కూలీనా? కప్పు అందించే చేతినా, చేయి కలపని ఆటగాణ్ణా? జవాబులోనే ఆ మాట అన్నవారి రాజకీయం బయటపడుతుంది.