వీరాస్వామయ్య దారికి ఏ మ్యాపు?

1830 మే 18 రాత్రి ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం తండయారువీడులోని తన తోట నుంచి కాశీకి బయలుదేరారు. మళ్లీ ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. సుప్రీంకోర్టులో దుబాసీ కావడం వల్లనేమో, ఆయన రాతలో లెక్క తప్పదు. ఏ రోజు ఏ మజిలీ, దారి ఎలాంటిది, ఊళ్లో అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా అన్నీ ఉంటాయి. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసిన ఆ సంగతులే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. ఇలాంటి పుస్తకం చదివినవాళ్లకు దాన్ని మ్యాపు మీద పెట్టి చూసుకోవాలనిపిస్తుంది. అనిపించగానే అడిగే మాట: ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

నన్నడిగితే అది మూడో ప్రశ్న. మొదటిది, మ్యాపుతో మనకేం కావాలి అన్నది. యాత్రను పాఠకుడి చేత వరసగా చదివించాలా? లేక పుస్తకం తిరగేస్తే తెలియని సంగతేదైనా బయటపెట్టాలా? ఒకటి కథ చెప్పడం, ఇంకొకటి పరిశోధన. రెండింటికీ ఒకే పనిముట్టు సరిపోదు. రెండో ప్రశ్న, పట్టిక తయారైందా అని.

ఈ పనిలో సింహభాగం పట్టికదే. వీరాస్వామయ్య మొదటి మజిలీ మాధవరాన్నే తీసుకోండి. చెన్నైకి ఉత్తరాన ఉన్న ఆ ఊరు ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. ‘మాధవరం’ అని కంప్యూటరుకిచ్చి అక్షాంశ రేఖాంశాలు తెమ్మంటే, అది సిద్ధవటం దగ్గరి మాధవరాన్ని తేవచ్చు, మంత్రాలయం దగ్గరిదైనా తేవచ్చు. చుక్క మంత్రాలయం దగ్గర పడితే తప్పు వెంటనే తెలుస్తుంది. సిద్ధవటం దగ్గర పడితే మాత్రం అంత తేలిగ్గా దొరకదు, ఎందుకంటే ఆయన తిరుపతి దాటాక వెళ్లింది ఒంటిమిట్ట, కడపల మీదుగానే. అందుకని పట్టికలో పుస్తకంలోని పేరు ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, ఇప్పటి పేరు మరో గడిలో ఉండాలి. తేదీ, అక్షాంశం, రేఖాంశం సరేసరి. ఆ చోటును ఎలా గుర్తుపట్టామో, ఎంత నమ్మకంతో చెబుతున్నామో రాసుకోవడానికి ఇంకో రెండు గడులు కావాలి. ఆ చివరి రెండు గడులూ లేని మ్యాపును నేను పరిశోధన అనను, అలంకారం అంటాను.

పట్టిక కుదిరాక పనిముట్ల మాట. కథ చెప్పడానికైతే నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ నైట్ ల్యాబ్ వారి స్టోరీమ్యాప్‌జేఎస్ ఉంది, ఉచితం. స్లయిడుకు ఒక ఊరు, ఒక బొమ్మ, నాలుగు వాక్యాలు. నొక్కుతూ పోతే మ్యాపు దానంతటదే జరుగుతుంది. పాతిక మజిలీలకు ముచ్చటగా ఉంటుంది. పుస్తకంలోని మజిలీలన్నీ ఎక్కిస్తే ఏ పాఠకుడూ గంగ దాకా రాడు. ఎస్రీ కంపెనీ ఆర్క్‌జీఐఎస్ స్టోరీమ్యాప్స్ చూడ్డానికి ఇంకా అందంగా ఉంటుంది, పూర్తి హంగులు కావాలంటే మాత్రం చందా కట్టాలి. గూగుల్ మై మ్యాప్స్‌ను ఒక పూటలో నేర్చుకోవచ్చు. పది లేయర్లు, ఒక్కో దిగుమతికి 2,000 వరసలు దాని హద్దు, చిన్న పనికి ధారాళం. అయితే దాంతో ఒక చిక్కుంది. రెండు ఊళ్ల మధ్య దారి వేయమంటే అది ఇవాళ్టి రోడ్డే వేస్తుంది. బోయీలు మోసిన పల్లకీని హైదరాబాదు నుంచి నాగపూరు దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద పరుగెత్తిస్తుంది! దారి తెలియనిచోట చుక్కల గీత గీసి ఊరుకోవడమే నిజాయితీ.

పరిశోధనకు నా ఓటు క్యూజీఐఎస్‌కే. 2002 నుంచి ఎదుగుతూ వస్తున్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. మొదటి వారం విసిగిస్తుంది, ఓర్చుకోవాలి. దాని అసలు సత్తా పాత మ్యాపులతో తెలుస్తుంది. 1802లో విలియం లాంబ్టన్ సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధారరేఖ కొలవడంతో మొదలైన సర్వే ఫలితంగా, అంగుళానికి 4 మైళ్ల లెక్కన ‘ఇండియన్ అట్లాస్’ షీట్లు వచ్చాయి. అలాంటి షీటు స్కాను తెచ్చి నేటి మ్యాపు మీద పరిచి, అక్కడక్కడ మేకులు దిగ్గొట్టినట్టు బిందువులు కలపాలి. గుడి గోపురం, కోట బురుజు, కొండ శిఖరం మంచి బిందువులు. ఏటి వంపును నమ్మొద్దు, ఏరు జరుగుతుంది. మామూలు పద్ధతిలో మూడు బిందువులు పెట్టగానే పని అయినట్టే కనిపిస్తుంది, తేడా సున్నా అని కూడా చూపిస్తుంది. మూడింటితో ఎప్పుడూ సున్నాయే వస్తుంది, మురిసిపోవద్దు. నాలుగోది పెట్టిన దగ్గర్నుంచే మన తప్పు బయటపడటం మొదలవుతుంది. డజను దాకా పెట్టి, తేడా ఎక్కువున్నవాటిని మళ్లీ చూసుకోవాలి. ఇంత శ్రమ దేనికంటే, శ్రీశైలం జలాశయం కింద మునిగిన ఊళ్లు ఇవాళ్టి ఉపగ్రహ చిత్రంలో వట్టి నీళ్లు. పాత షీటు పరిస్తేనే అవి మళ్లీ ఊళ్లుగా కనిపిస్తాయి.

తెలుగులో పనిచేసేవారికి ఇంకో పరీక్ష. కొన్ని వెబ్ మ్యాపులు మన అక్షరాలను కూర్చలేక వత్తులు విడదీస్తాయి. ఏది ఎంచుకునే ముందైనా ‘శ్రీకూర్మం’ అని ఒక పేరు పెట్టి చూడండి. వత్తులు వాటి చోట నిలబడకపోతే ఆ పనిముట్టును పక్కన పెట్టండి. అచ్చుకు ఇచ్చేటప్పుడు దేశ సరిహద్దులు మాత్రం సర్వే ఆఫ్ ఇండియావే తీసుకోవాలి. విదేశీ మ్యాపుల్లో అవి వేరుగా ఉంటాయి. రక్షణ లేని శిల్పాలు, వీరగల్లులున్న చోట్లను మీటరు తేడా లేకుండా బయటపెట్టకపోవడమే మేలు, దొంగలూ మ్యాపులు చూస్తారు.

పనిముట్ల ఆయుష్షు సంగతి కూడా చూసుకోవాలి. 2009లో వచ్చిన గూగుల్ ఫ్యూజన్ టేబుల్స్ మీద ఎందరో మ్యాపులు కట్టుకున్నారు. 2019 డిసెంబరు 3న దాన్ని మూసేశారు. సీఎస్‌వీగానో జియోజేసన్‌గానో పట్టిక దాచుకున్నవాళ్లు ఇంకోచోట కట్టుకోగలిగారు. మన సరుకును మనం వెనక్కి తీసుకోనివ్వని పనిముట్టు ఎంత అందమైనదైనా వద్దు.

పాత మజిలీ పేర్లలో కొన్నింటిని ఏ సాఫ్ట్‌వేరూ తేల్చలేదు, ఆ ఊరివాళ్లే తేల్చాలి. మీ ఊరు ఆ దారిలో ఉంటే, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తెరిచి దాని పేరు తెలుగులో ఉందో లేదో చూడండి. లేకపోతే మీరే చేర్చండి. ఖాతాకు డబ్బు కట్టక్కర్లేదు.