పాతాళ జంతువులకు తిండి ఎక్కడిది?

భయానక కథలను విద్యార్థులచేత చదివించవచ్చునా, కూడదా అనే ప్రశ్న ఉపాధ్యాయుల మధ్య తరచుగా వస్తుంది. విజ్ఞానశాస్త్రము బోధించేవారు సాధారణముగా కూడదనే పక్షము వహిస్తారు. చీకటిలో ఏదో ఉన్నదని చెప్పి బెదరించే కథ మూఢవిశ్వాసమును పెంచుతుందని వారి అభిప్రాయము. అందులో నిజము లేకపోలేదు. అయితే భయానక కథలన్నీ ఒక జాతివి కావు. దయ్యము వచ్చినది, ఎట్లా వచ్చిందని అడుగరాదు అనే కథ ఒక తరగతిది. ఫలానా జంతువు ఉన్నది, అది ఇట్లా పుట్టినది, ఇట్లా బ్రతుకుతున్నది అని కారణములు చెప్పే కథ మరొక తరగతిది. మొదటిదానిని నమ్మడమో మానడమో తప్ప మనము చేయగలిగినది లేదు. రెండవదానిని పరీక్షింపవచ్చును. పరీక్షింపదగిన కథ ఏదైనా సైన్సు క్లాసుకు పనికివస్తుంది.

భూమి లోతులలో నివసించే జీవులను గురించిన ఇంగ్లీషు కథలలో ఈ రెండవ తరగతికి చెందినవి రెండింటిని తీసుకుందాము. ఒకటి ఆర్థర్ కానన్ డాయిల్ 1910లో స్ట్రాండ్ పత్రికలో ప్రకటించిన 'బ్లూ జాన్ బిలములోని భీకరము' అనే కథ. రెండవది హెచ్. జి. వెల్సు 1895లో వెలువరించిన 'కాలయంత్రము' అనే నవల. ఈ రచయితలు ఇద్దరూ సైన్సు చదివినవారే. డాయిల్ ఎడింబరోలో వైద్యము చదివిన డాక్టరు. వెల్సు లండనులో టి. హెచ్. హక్స్‌లీ వద్ద జీవశాస్త్రము నేర్చుకున్నవాడు. కాబట్టి వారి కథలను శాస్త్రదృష్టితో విమర్శించడము అన్యాయము కాదు.

డాయిల్ కథ

షెర్లాక్ హోమ్స్ కథల మూలాన డాయిల్ పేరు మన పాఠకులకు పరిచితమే. ఈ కథలో హోమ్స్ లేడు. క్షయరోగముతో బాధపడుతున్న హార్డ్‌కాసిల్ అనే డాక్టరు గాలి మార్పు కోసము డర్బీషైరు కొండలలోని ఒక పల్లెకు వస్తాడు. అక్కడ రోమనుల కాలములో త్రవ్విన ఒక బిలము ఉన్నది. చంద్రుడు లేని రాత్రులలో మందలలోని గొఱ్ఱెలు మాయమవుతున్నవనీ, ఆ బిలములోనుంచి ఏదో వచ్చి ఎత్తుకుపోతున్నదనీ ఒక పల్లె యువకుడు చెప్పుతాడు. డాక్టరు నమ్మడు. కొవ్వొత్తి పట్టుకొని లోపలికి పోతాడు. ఒక వాగు దాటుతుండగా కాలు జారి పడతాడు. కొవ్వొత్తి పోతుంది, అగ్గిపుల్లలు తడిసిపోతవి. దారి తెలియక కూర్చుండిపోయిన అతనికి, కటిక చీకటిలో, బరువైన అడుగుల చప్పుడు వినిపిస్తుంది. ఏదో వచ్చి నీళ్ళు త్రాగి పోతుంది.

కథ మొత్తములో శ్రేష్ఠమైన భాగము ఇదే. కనబడేది ఏమీ లేదు. శబ్దము, తడి, సమయము ఈ మూడింటితోనే రచయిత భయమును నిర్మించాడు. తరువాత డాక్టరు తుపాకి, దీపము తీసుకొని వెళ్ళి ఆ జంతువును ఎదుర్కొంటాడు. అది ఎలుగుబంటివంటి ఆకారము కలది, ఏ ఎలుగుబంటికైనా పదింతలు ఉన్నది, కన్నులు తెల్లగా ఉబ్బి చూపు లేకుండా ఉన్నవి. జంతువు కనబడిన తరువాత మన భయము పెరగకపోగా తగ్గుతుంది. గాయపడిన డాక్టరు ప్రాణముతో బయటపడతాడు. ఊరివారు బిలద్వారమును బండలతో మూసివేస్తారు.

చివర డాక్టరు తన ఊహను వివరిస్తాడు. ఆ ప్రాంతమంతా లోపల బోలుగా ఉన్నది. పైనుంచి పోయే వాగులన్నీ చేరి లోపల ఒక పెద్ద జలాశయము ఏర్పడి ఉంటుంది. నీరు ఉన్నచోట ఆవిరి, మంచు, మొక్కలు ఉండవచ్చును. పూర్వము బయటినుంచి లోపలికి పోయిన జంతువులు అక్కడి పరిస్థితులకు అనుగుణముగా మారి ఉండవచ్చును. ఇదే మనము పరీక్షింపవలసిన భాగము.

చీకటిలో కన్ను

మొదట డాయిల్ పక్షాన చెప్పవలసినది చెప్పుదాము. డర్బీషైరులో సున్నపురాయి కొండలు, వాటిలో గుహలు నిజముగానే ఉన్నవి. బ్లూ జాన్ అనే నీలి ఖనిజము కూడా కల్పితము కాదు. అది కాల్షియం ఫ్లోరైడులో ఒక రకము. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొన్న వాననీరు సున్నపురాయిని కరిగించి సొరంగములు చేస్తుంది. మన బొర్రా గుహలు, బెలుం గుహలు ఏర్పడినది కూడ ఈ విధముగానే.

గుహలలో చిక్కిన జంతువులకు తరతరాలుగా కన్నులు క్షీణించడము కూడ నిజమే. స్లొవేనియా, క్రొయేషియా ప్రాంతముల గుహల నీటిలో ఓల్మ్ అనే ఉభయచరము ఉన్నది. జానెడు పొడవు, పాలిపోయిన చర్మము కలది. పిల్లగా ఉన్నప్పుడు దానికి కన్ను ఏర్పడనారంభించి, తరువాత చర్మము క్రిందకు పోయి క్షీణిస్తుంది.

డార్విన్ 1859లో గుహజంతువుల గ్రుడ్డితనమునకు కారణము కన్నును వాడకపోవడమే అని భావించాడు. ఈనాటి శాస్త్రము ఆ కారణమును అంగీకరించదు. వాడని అవయవము వాడనందువలననే సంతానములో తగ్గిపోదు. చీకటిలో కన్నును చెరిపే ఉత్పరివర్తనము కలిగినా జంతువుకు నష్టము లేదు. అందుచేత ఆ మార్పు నిలిచిపోతుంది. పైగా కన్ను ఖర్చుతో కూడిన అవయవము. మెక్సికో గుహచేపలమీద 2015లో ప్రకటించిన ఒక పరిశోధన ప్రకారము, ఒక గ్రాము బరువుగల పిల్లచేపలో చూపుకు సంబంధించిన అవయవములు విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తిలో సుమారు 15 శాతమును తీసుకుంటవి. తిండి కరువైన చోట ఈ ఖర్చు తప్పితే అది లాభమే.

డాయిల్ కథలో తప్పుగా తోచే ఒక విషయమును ఇక్కడ సరిచూడవచ్చును. జంతువు గ్రుడ్డిది అంటాడు. వెలుగును సహించదు అని కూడ అంటాడు. చూపు లేనిదానికి వెలుగుతో ఏమి పని అని తెలివిగల విద్యార్థి అడుగుతాడు. ఓల్మ్‌కు చూపు లేదు, కాని క్షీణించిన కన్నుతోను, చర్మముతోను వెలుగును పసిగట్టి చీకటివైపు తప్పుకుంటుంది. ఈ ఒక్క విషయములో డాయిల్ గెలిచినాడనే చెప్పవలెను.

తిండి లెక్క

అతడు ఓడిపోయినది తిండి దగ్గర. దీనిని బోర్డుమీద లెక్క కట్టవచ్చును. పెద్ద ఎలుగుబంటి బరువు 400 కిలోలు అనుకుంటే, పదింతలు 4,000 కిలోలు, అనగా ఒక ఏనుగు. జంతువు కదలక పడి ఉన్నప్పుడు రోజుకు ఎంత శక్తి ఖర్చవుతుందో అంచనా వేయడానికి మాక్స్ క్లైబర్ అనే శాస్త్రజ్ఞుడు 1932లో చూపిన మార్గము ఒకటి ఉన్నది. కిలోలలోని బరువుకు ఘనము కట్టి, దాని వర్గమూలమునకు మరల వర్గమూలము తీసి, 70 చేత గుణించవలెను. 4,000 కిలోల జంతువుకు సుమారు 35,000 కిలోకాలరీలు వచ్చును. ఒక గొఱ్ఱెలో తినదగిన భాగము 25 కిలోలు, కిలోకు 2,000 కిలోకాలరీలు అనుకుంటే ఒక గొఱ్ఱె వలన 50,000 కిలోకాలరీలు లభిస్తవి. అనగా ఆ జంతువు నిద్రపోతూ ఉన్నా నెలకు 21 గొఱ్ఱెలు కావలెను. వేటాడుతూ తిరిగితే ఇంచుమించు రెట్టింపు కావలెను.

ఇది ఒక్క జంతువు మాట. ఒక జాతి వేలకొలది సంవత్సరములు నిలువవలెనంటే ఆడవి, మగవి, పిల్లలు కలిసి కనీసము 50 అయినా ఉండవద్దా? అప్పుడు నెలకు వేయి గొఱ్ఱెలు దాటుతవి. డర్బీషైరు రైతులు పుకార్లు చెప్పుకుంటూ ఊరుకొనేవారు కారు.

లోపల మొక్కలు ఉన్నవి గదా, వాటిని తినే జంతువులను ఇది తింటుంది అని డాయిల్ తరఫున ఎవరైనా వాదించవచ్చును. కాని పచ్చని మొక్కకు నీరు ఒక్కటే చాలదు, సూర్యరశ్మి కావలెను. కిరణజన్య సంయోగక్రియ లేనిదే ఆకు లేదు. డాక్టరైన హార్డ్‌కాసిల్ జలాశయమును ఊహించాడు, ఆవిరిని ఊహించాడు, సూర్యుణ్ణి మాత్రము మరచిపోయాడు.

వెల్సు పరిష్కారము

వెల్సు మరచిపోలేదు. అతని నవలలో కాలయాత్రికుడు 8,02,701వ సంవత్సరమునకు పోతాడు. అప్పటికి మనుష్యజాతి రెండుగా చీలిపోయింది. పైన, ఎండలో, పండ్లు తింటూ ఆడుకొనే సుకుమారులైన ఎలాయిలు. క్రింద, యంత్రముల మధ్య, పాలిపోయిన దేహములతో వెలుగుకు జంకే మోర్లాకులు. యాత్రికుడు మొదట ఎలాయిలు యజమానులు, మోర్లాకులు వారి బానిసలు అని అనుకుంటాడు. తరువాత బావివంటి ఒక మార్గములో దిగి, క్రింద బల్లమీద మాంసము చూస్తాడు. గొఱ్ఱెలు, పశువులు ఎప్పుడో నశించిన లోకములో ఆ మాంసము ఎక్కడిది? మోర్లాకులు ఎలాయిలను పెంచి తింటున్నారు.

ఇక్కడ ఒక విశేషమును గమనించవలెను. ఈ కథలో భయము పుట్టినది ఆహారపు గొలుసు సరిగా ఉండడమువలననే. సూర్యరశ్మినుంచి పండుకు, పండునుంచి ఎలాయికి, ఎలాయినుంచి మోర్లాకుకు శక్తి పోతున్నది. పాతాళములో ఉన్నవానికి కూడ సూర్యుడే దిక్కు. క్రిందివారు ఏమి తింటున్నారు అనే జీవశాస్త్ర ప్రశ్నకు వచ్చిన జవాబే కథలోని భీభత్సము. డాయిల్ జంతువు అడవిలో పులి చేసే పనినే చేస్తుంది. మోర్లాకు మాత్రము మనుష్యుడు మనుష్యుని పట్ల చేసిన అన్యాయమునకు ఫలము. వెల్సు తల్లి ఒక జమీందారు భవనములో గృహనిర్వాహకురాలు. ఆ భవనములో పనివారు తిరగడానికి నేల క్రింద సొరంగమార్గములు ఉండేవి. శ్రామికులను నేల క్రిందకు త్రోసిన సమాజము అట్లాగే సాగితే ఏమవుతుందని అతడు అడిగినాడు.

మోర్లాకుల కన్నులు పెద్దవి, పిల్లి కన్నులవలె మెరుస్తవి. గ్రుడ్డితనము రావలసిన చోట పెద్ద కన్ను ఎందుకు వచ్చినదని విద్యార్థులు అడుగుతారు. వెలుగు బొత్తిగా లేనిచోట కన్ను నిరర్థకము. మసకవెలుగు ఉన్నచోట పెద్ద కన్ను లాభము. మోర్లాకులు రాత్రులయందు పైకి వస్తారు కాబట్టి వారికి కన్ను అవసరమే. శాస్త్రవిషయములో వెల్సు కథ ఇంత గట్టిగా నిలిచినది. యాత్రికుడు క్రొత్త సాక్ష్యము దొరికినప్పుడల్లా తన పాత ఊహను విడిచిపెట్టడము శాస్త్రపద్ధతికి మంచి ఉదాహరణ.

నిజమైన పాతాళవాసులు

ఈ రెండు కథల నాటికి తెలియని సంగతులు తరువాత బయటపడినవి. రుమేనియాలో 1986లో మోవిలే అనే గుహ కనబడింది. అది లక్షలాది సంవత్సరములుగా బయటి లోకముతో సంబంధము లేకుండా ఉన్నది. అక్కడి బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను వాయువులనుంచి శక్తి తీసుకొని ఆహారమును తయారుచేసుకుంటున్నవి. వాటిని ఆధారము చేసుకొని సాలెపురుగులు, జెఱ్ఱులు, జలగలు జీవిస్తున్నవి. సూర్యుడు లేకుండా ఆహారము ఉండవచ్చునని తేలినది గాని, ఆ ఆహారము మీద పెరిగినవన్నీ చిన్న ప్రాణులే.

దక్షిణాఫ్రికా బంగారు గనులలో 1.3 కిలోమీటర్ల లోతున అర మిల్లీమీటరు పొడవుగల ఒక నులిపురుగును కనుగొన్నట్లు 2011లో ప్రకటించారు. అదే దేశములో 2.8 కిలోమీటర్ల లోతున ఒంటరిగా బ్రతికే ఒక బాక్టీరియమునకు, జూల్స్ వెర్న్ 1864లో వ్రాసిన భూగర్భయాత్ర నవలలోని లాటిను మాటలను తీసుకొని, 'సాహసియైన యాత్రికుడు' అనే అర్థము వచ్చే పేరు పెట్టారు. కథ శాస్త్రమునకు పేరు ఇచ్చిన సందర్భములలో ఇది ఒకటి.

ఇంకా లోతుకు పోతే వేడి అడ్డు వస్తుంది. కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీల సెంటీగ్రేడు వంతున ఉష్ణోగ్రత పెరుగుతుంది. రష్యాలోని కోలా వద్ద 12,262 మీటర్లు త్రవ్విన బోరులో 180 డిగ్రీలు కనబడినవి. ఇంతవరకు తెలిసిన సూక్ష్మజీవులలో వృద్ధిచెందగలిగిన గరిష్ఠ ఉష్ణోగ్రత 122 డిగ్రీలు. కాబట్టి పాతాళమునకు కూడ అడుగు ఉన్నది.

దూరదేశములకు పోనక్కరలేదు. పల్నాటిలోని గుత్తికొండ బిలములో దొరికిన, కన్నులు లేని ఒక చిన్న నీటిప్రాణిని 2011లో క్రొత్త ప్రజాతిగా వర్ణించి, దానికి ఆంధ్రకాయిడిస్ అని మన ప్రాంతము పేరు పెట్టారు. రొయ్యలు, పీతలు ఏ తరగతివో ఇదీ ఆ తరగతిదే.

ఓల్మ్ సంగతి మరొకసారి చెప్పుకుందాము. బోస్నియా గుహలలో గుర్తుపెట్టి పరిశీలించిన ఒక ఓల్మ్ 2,569 రోజులు ఉన్నచోటనే ఉన్నదని 2020లో ప్రకటించారు. అనగా ఏడు సంవత్సరములు! తిండి లేని చీకటిలో బ్రతకడానికి అసలు మార్గము అది. గర్జించి పరుగెత్తేది అక్కడ బ్రతకలేదు; కదలక, కొంచెముతో సరిపెట్టుకొనేది బ్రతుకుతుంది.

ఉపాధ్యాయులకు ఒక మాట

కాబట్టి ఈ కథలను దాచవలసిన పని లేదు. డాయిల్ కథను ముందు చదివించి, భయపడనిచ్చి, మరునాడు తిండి లెక్క కట్టించండి. తరువాత వెల్సు కథను చదివించి, అదే లెక్క అక్కడ ఎట్లా సరిపోయిందో విద్యార్థులనే చెప్పమనండి. లెక్క తప్పినందువలన డాయిల్ కథ చెడిపోదు. చీకటిలో అడుగుల చప్పుడు విన్న ఆ పుటలు ఎన్నిసార్లు చదివినా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. లెక్క కట్టిన విద్యార్థికి మాత్రము ఒక అలవాటు అబ్బుతుంది. ఊరి చివర పాడుబావిలో ఏదో ఉన్నదని రేపు ఎవరైనా చెప్పినప్పుడు, అతడు నవ్వడు, పారిపోడు. అది ఏమి తింటుందని అడుగుతాడు.

డాయిల్ కథలో ఊరివారు బిలద్వారమును మూసివేశారు. గుత్తికొండలో మన శాస్త్రజ్ఞులు దీపము తీసుకొని లోపలికి పోయినారు. విద్యార్థి ఈ రెండు దారులను చూచి ఉండడము మంచిది.