మా పేట మాట ఏ పుస్తకంలో ఉంది?

మా ఇంట్లోకి వచ్చిన మొదటి పుస్తకం బైబిలు. మా నాయనమ్మకి చదవడం రాదు. దాన్ని తలకింద పెట్టుకుని పడుకునేది. రెండో పుస్తకం నా ఒకటో తరగతి తెలుగు వాచకం. ఈ రెండూ రాకముందు ఎన్ని తరాలు అక్షరం ముఖం చూడకుండా మట్టిలో కలిసిపోయాయో చెప్పేవాళ్ళు మా పేటలో లేరు.

అలాంటి ఇంట్లోంచి వచ్చి, డిగ్రీ చదివి, బీయీడీ చేసి, సర్కారు బడిలో తెలుగు చెప్పుకుంటున్నాను. నేను విమర్శకుణ్ణి కాను, పాఠకుణ్ణి. గత పాతిక ముప్ఫై ఏళ్ళలో మన వాళ్ళు రాసిన కథలూ కవిత్వమూ చదువుతుంటే నాకు కలిగిన సంతోషం, కడుపుమంట, సిగ్గు ఈ మూడూ చెప్పుకోవాలని కూర్చున్నాను. సిగ్గు గురించే ఎక్కువ చెప్పాలి.

నేను పుట్టింది గుడివాడ దగ్గర ఒక పల్లెలో. కాలవ ఒడ్డున ఊరు, మురుగుబోదె పక్కన మా మాలపల్లె. మాకూ మాదిగగూడేనికీ మధ్య ఇంకో బోదె. నాన్న ఒక ఆసామి దగ్గర పాలేరు. అమ్మ ఊడుపులకీ, కలుపులకీ, కోతలకీ వెళ్ళేది. కోతలయ్యాక పరిగె ఏరుకొచ్చేది. మా గుడివాడ పక్కనే అంగలూరు. పురాణాల్ని నిలదీసిన త్రిపురనేని రామస్వామి చౌదరి ఊరు. అదే కృష్ణా జిల్లాలో నందమూరు. పురాణాల్ని నిలబెట్టాలన్న విశ్వనాథ సత్యనారాయణ ఊరు. ఇద్దరూ పెద్దవాళ్ళే. ఒకాయన పురాణాన్ని కొట్టాడు, ఒకాయన మోశాడు. ఆ చుట్టుపక్కల పొలాల్లో నడుం వంచి ఊడ్చిన మా ఆడవాళ్ళ మాట మాత్రం ఇద్దరి భాషలోకీ రాలేదు.

డిగ్రీకి బందరు వెళ్ళాను. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండేవాణ్ణి. మొదటి నెలలోనే తెలుగు క్లాసులో లేచి ఏదో చెప్పబోతే నోట్లోంచి 'వచ్చుద్ది' అని వచ్చింది. పాఠం చెప్పే ఆయన నవ్వి, 'కృష్ణా జిల్లావాడివై ఉండి ఇదేం తెలుగయ్యా?' అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత మూడేళ్ళూ నోరు కడుక్కుంటూనే ఉన్నాను. వచ్చుద్ది పోయి వస్తుంది వచ్చింది. కూడు పోయి అన్నం వచ్చింది.

ఆయన మాటలో ఒక పెద్ద సంగతి ఉందని చాలా కాలానికి గానీ తెలియలేదు. గిడుగు రామమూర్తి పంతులు గ్రాంథికం మీద యుద్ధం చేశాడు, మంచిదే. కానీ గ్రాంథికం దిగిపోయాక గద్దె ఎక్కింది ఏది? కృష్ణా గుంటూరు గోదావరి జిల్లాల్లో చదువుకున్న కులాల వాళ్ళు మాట్లాడే 'శిష్ట వ్యవహారికం'. శిష్టులంటే ఎవరు? మా అమ్మ కాదు, మా నాన్న కాదు. పత్రికలూ పాఠాలూ రేడియో అంతా మా జిల్లా భాషే అని లోకం అనుకుంటుంది. తెలంగాణ వాడు 'నా భాషని వెక్కిరించావు' అని అడగగలడు. రాయలసీమ వాడు అడగగలడు. ఉత్తరాంధ్ర వాడు అడగగలడు. కృష్ణా డెల్టా మాలోడు ఏమని అడగాలి? వాడి భాషే ప్రమాణం అంటున్నారు కదా! ఊరి భాషకి పట్టాభిషేకం చేసి, అదే పేట భాష కూడా అని మా పేరున రాసేశారు.

హాస్టల్లోనే ఒక సీనియర్ అన్న 'చిక్కనవుతున్న పాట' జిరాక్సు కాగితాలు ఇచ్చాడు. 1995లో జి. లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ వేసిన సంకలనం. మరుసటేడు వచ్చిన 'పదునెక్కిన పాట' తర్వాత దొరికింది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఆ నెత్తురు ఆరకముందే వచ్చిన కవిత్వం అది. మద్దూరి నగేష్‌బాబునీ, సతీష్‌చందర్‌నీ, శిఖామణినీ ఆ రోజుల్లోనే చదువుకున్నాను. కలేకూరి ప్రసాద్ 'పిడికెడు ఆత్మగౌరవం కోసం' చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. కంచికచెర్లలో దొంగతనం మోపి కోటేశుని సజీవంగా తగలబెట్టింది 1968లో. అప్పటికది మా కృష్ణా జిల్లాయే. ఈ సంగతి నాకు బళ్ళో ఎవరూ చెప్పలేదు. ఒక కవి చెప్పాడు. మా జిల్లా చరిత్ర నేను కవిత్వంలో చదువుకున్నాను.

ఆ కవిత్వానికి నేను బాకీ ఉన్నాను. తల ఎత్తడం అదే నేర్పింది. బాకీ ఉన్నవాడు కూడా ఒక మాట అనొచ్చు అనుకుంటాను. ఆ కవిత్వం ఎక్కువగా ఎదుటివాడి కళ్ళలోకి చూసి మాట్లాడింది. ఆ రోజున అదే కావాలి. మన ఇంట్లోకి తిరిగి, పొయ్యి దగ్గర కూర్చుని మాట్లాడే పని చాలావరకు కథలు అందుకున్నాయి.

వేముల ఎల్లయ్య 'కక్క' 2000లో వచ్చింది. నల్గొండ మాదిగ పలుకు. మొదటి పది పేజీలు నాకు సరిగ్గా అర్థం కాలేదు. విసుక్కున్నాను. తర్వాత అనిపించింది. బళ్ళో పద్యాలు అర్థం కాకపోతే అర్థాలు వెతుక్కుని బట్టీ పట్టానే, మరి నా సాటివాడి మాట కోసం ఆ మాత్రం ఓపిక పట్టలేనా? అదే ఏడు వచ్చిన జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం'లో రూతు అనే ముసలామె జ్ఞాపకంలోంచి తరాలు నడుస్తాయి. మా నాయనమ్మకి చదువొచ్చి ఉంటే ఇలాగే చెప్పేది కదా అనుకున్నాను. ఎండ్లూరి సుధాకర్ 'మల్లెమొగ్గల గొడుగు', జూపాక సుభద్ర, గోగు శ్యామల కలిసి 2006లో తెచ్చిన 'నల్లరేగటిసాల్లు', ఇవి మాదిగ కథలు. నిజం చెప్పాలి. వీటిని నేను ఆలస్యంగా చదివాను. వర్గీకరణ గొడవల్లో మా పేటలో పెరిగిన మనసు నాది. 'వాళ్ళ కథలు మనకెందుకు' అనే మాట నేను పైకి అనకపోయినా లోపల ఉంది. మా ఊళ్ళో బోదె దాటి మాదిగగూడెంలో నేను కూర్చుని తిన్నది ఎన్నిసార్లు? వేళ్ళ మీద లెక్క. ఊరు మనకి చేసిందే మనమూ చేస్తే దానికేం పేరు పెట్టాలి? ఆ కథలు నన్ను ఈ ప్రశ్న అడిగాయి. అడగని కథ నాకెందుకు?

ఇంకా ఎందరో వచ్చారు. ఖాదర్ మొహియుద్దీన్ 1991లోనే 'పుట్టుమచ్చ'తో ముస్లిం గొంతు వినిపించాడు. పసునూరి రవీందర్ 'అవుటాఫ్ కవరేజ్ ఏరియా' కథలకి 2015లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. రమేశ్ కార్తీక్ నాయక్ బంజారా కథలు 'ధావ్లో'కి 2024లో అదే పురస్కారం. తండా, గూడెం, మాదిగవాడ, ముస్లిం గల్లీ, ఎవరి ఇంటి దీపం వాళ్ళు వెలిగించుకుంటున్నారు. చదివి సంతోషపడ్డాను. కొంచెం అసూయ కూడా పడ్డాను. నేను చదివినంతలో గుడివాడ బోదె పక్కన పేటా, దివిసీమ లంకల్లో కూలిజనమూ వాళ్ళ నోటి మాటతో నిండుగా ఉన్న పుస్తకం నా చేతికి రాలేదు. డెల్టా మాలపల్లె నవలలోకి ఎక్కి వందేళ్ళు దాటింది. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' రాశాడు. గుంటూరు వాడుక మాటలో రాశాడు. ఆయన మనసు మంచిది. అయినా అది మన మీద దయతో చూసిన చూపు. మనం చూసిన చూపు ఎక్కడ?

ఈ కడుపుమంట పెట్టుకుని తిరుగుతున్నవాణ్ణే ఒక ఏడో తరగతి పిల్ల నిలబెట్టి కడిగేసింది.

నా ఉద్యోగం దివిసీమలో. మా అమ్మ పుట్టిల్లు కూడా అటే. పులిగడ్డ దాటి కరకట్ట మీద బండేసుకుని పోతాను. ఒకరోజు 'మా ఇల్లు' మీద పది వాక్యాలు రాయమన్నాను. ఆ పిల్ల రాసింది: 'మా అమ్మ తెల్లారగట్ట ఊడుపులకి ఎల్లుద్ది. మాపిటేల వచ్చి కూడొండుద్ది. మా నాయన పీతలకి ఎల్తాడు.' నేను ఎర్ర పెన్ను తీసి ఎనిమిది చోట్ల సున్నాలు చుట్టాను. పక్కన వెళుతుంది, సాయంత్రం, అన్నం వండుతుంది అని రాశాను. పదికి మూడు వేశాను.

పిల్ల పుస్తకం తీసుకుని పోలేదు. అక్కడే నిలబడి అడిగింది.

'మేస్టారూ, మీ అమ్మయితే ఎట్టనుద్దండీ?'

వెటకారం లేదు. తెలుసుకోవాలనే అడిగింది. నేనేమీ చెప్పలేకపోయాను. మా అమ్మ కూడొండుద్ది. పొద్దున ఫోన్లో కూడా అలాగే అంది. బందరులో నన్ను నవ్విన ఆయన పెన్ను ఇన్నేళ్ళూ నా జేబులోనే ఉంది.

ఆ వారం ఎం.ఎం. వినోదిని కథ 'తప్పిపోయిన కుమార్తె ఉపమానం' మళ్ళీ తీశాను. లూకా సువార్తలో తప్పిపోయిన కుమారుడి కథ మన చర్చిల్లో వినని వాళ్ళుండరు. వినోదిని అందులో మన ఆడపిల్లని నిలబెట్టింది. చదువుకోవడానికి వెళ్ళిన దళిత క్రైస్తవ పిల్ల అగ్రవర్ణ స్నేహితురాలి ఇంటి పద్ధతులకి ముచ్చటపడి, సొంత ఇంటి తిండినీ తీరునీ చిన్నచూపు చూస్తుంది. చివరికి ఇంటికి తిరిగొస్తుంది. మొదటిసారి చదివినప్పుడు ఆ పిల్ల మీద కోపం వచ్చింది. ఈసారి రాలేదు. ఆ పిల్ల తినేది మార్చుకోబోయింది, నేను మాట మార్చుకున్నాను. తేడా ఒకటే. ఆమె తిరిగొచ్చింది. నేను జీతం తీసుకుని ఇంకో నలభై మంది పిల్లల్ని తప్పిపోయే దారి పట్టిస్తున్నాను. మంచి కథ అంటే ఇదే అని నా లెక్క. ఒకసారి ఎదుటివాణ్ణి చూపించి, రెండోసారి అద్దం చూపిస్తుంది.

ఇక కవిత్వం. మెర్సీ మార్గరెట్ 'మాటల మడుగు'కి 2017లో, పల్లిపట్టు నాగరాజు 'యాలై పూడ్సింది'కి 2022లో యువ పురస్కారాలు వచ్చాయి. నాగరాజు పుస్తకం పేరే చిత్తూరు వైపు పలుకు. అట్ట మీదే వాళ్ళ మాట పెట్టుకున్నాడు చూడండి! ఇప్పటి కవిత్వం గొంతు తగ్గిందని మన కార్యకర్తలు కొందరు అంటారు. నేనూ అన్నాను. ఇప్పుడు అనను. గొంతు తగ్గడం వేరు, దగ్గరికొచ్చి మాట్లాడడం వేరు. నాకున్న ఫిర్యాదు ఇంకొకటి. మనలో చాలామందిమి ఇప్పటికీ తయారుగా ఉన్న మాటలతోనే కవిత్వం కట్టేస్తున్నాం. నెత్తురు, పిడికిలి, సూర్యుడు, సముద్రం. ఎక్కడ జరిగిందో, ఎవరికి జరిగిందో, ఆ రోజు పొయ్యి మీద ఏముందో ఉండదు.

ఇతరుల్ని అనేముందు నా సంగతి చెప్తాను. 1977 నవంబరు 19 ఉప్పెన మీద నేనో కవిత రాశాను. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్ళని సముద్రం తుడిచిపెట్టిన రోజు. అప్పుడు మా అమ్మకి పదేళ్ళు. ప్రళయం, మృత్యుకెరటం, శవాల దిబ్బ, అన్నీ పెట్టాను. అమ్మకి చదివి వినిపించాను. ఆఖరు దాకా విని అంది:

'బానే ఉందిరా. మరి నీళ్ళ మాట లేదే?'

'సముద్రం గురించే కదమ్మా అంతా.'

'ఆ నీళ్ళు కాదు. మంచినీళ్ళు. చెరువంతా ఉప్పయిపోయింది. బయట్నించి నీళ్ళొత్తే ఊరోళ్ళ బిందెలు నిండిందాకా మమ్మల్ని ఆగమన్నారు. సచ్చినోళ్ళని ఒకే గోతిలో ఏశారు. బతికినోళ్ళకే రెండు వరసలు.'

నలభై పంక్తులు రాసినవాణ్ణి నేను. కవిత చెప్పింది అమ్మ. నా ప్రళయాలూ మృత్యుకెరటాలూ ఎవరి మాటలు? బందరు క్లాసులో నేర్చుకున్నవి. ఆ మాటల్లో రెండో వరస పట్టదు. అది అమ్మ మాటలోనే ఉంది. మాట పోతే వరసా పోతుంది, ఆ అన్యాయానికి సాక్ష్యమూ పోతుంది. పేట భాష గురించి నేను ఇంతగా గొంతు చించుకునేది ముచ్చట కోసం కాదు.

జాషువా కూడా బడిపంతులే. ఆయన కాలంలో వాళ్ళ ఛందస్సులో వాళ్ళకంటే బాగా రాసి చూపించాల్సి వచ్చింది. 1941లో 'గబ్బిలం' అలాగే గెలిచింది. ఆ పరీక్ష ఆయన మనందరి తరఫునా రాసేశాడు. మళ్ళీ మనం రాయక్కర్లేదు.

ఆ పిల్ల పుస్తకం మళ్ళీ అడిగి తీసుకున్నాను. పదికి మూడు కొట్టేసి తొమ్మిది వేశాను. సున్నాలు మాత్రం అలాగే ఉన్నాయి. పరీక్షలో 'వెళుతుంది' రాయాలని చెప్పాను, ఎందుకంటే పేపరు దిద్దేవాడు వేరే. ఇంటి మాట తప్పు కాదని కూడా చెప్పాను. ఈ రెండూ ఒకే నోటితో చెప్పడం ఎంత కష్టమో టీచర్లకి తెలుసు.

ఇది చదివే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీలో గుడివాడ పేటలవాళ్ళుంటారు, బందరు హాస్టళ్ళవాళ్ళుంటారు, దివి లంకలవాళ్ళుంటారు. మీటింగులకి వెళ్ళండి, నినాదాలివ్వండి. ఇంటికొచ్చాక మాత్రం మీ అమ్మ పక్కన కూర్చుని ఆమె చెప్పింది చెప్పినట్టు రాయండి. రాసింది నాకు చూపించండి.

నేను దిద్దను.